లోవరాజు తెచ్చిన అగ్నిపర్వతం

మా సనాబిస్ పేట లాండ్రీ లోవరాజు గ్వాటెమాలా దేశం నుంచి ఒక అగ్నిపర్వతాన్ని బహ్రెయిన్‌కి తెచ్చి, ఒక శుక్రవారం ఎడారిలో దింపాడు. నేను కళ్ళారా చూశాను.

తెచ్చాడనడం కొంచెం ఎక్కువే. నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాడని కాదు. గ్వాటెమాలా అతను చూడనే లేదు, అది ఏ దిక్కున ఉందో కూడా అతనికి తెలియదు. కానీ పొగ వచ్చిన మాట నిజం. ఆ రోజు నేను తొడుక్కున్న చొక్కా ఇప్పటికీ ఆ కంపే కొడుతోంది. తగ్గించి చెప్పమంటే ఇంతవరకే తగ్గించగలను.

లోవరాజుది తుని దగ్గర పల్లె. మనిషి బక్కపలచన, మీసం మాత్రం నిండుగా ఉంటుంది. మేముండే భవనం కింద లాండ్రీలో రోజంతా నిలబడి అరబ్బుల పొడుగాటి తెల్ల అంగీలు ఇస్త్రీ చేస్తాడు. అతను మడత పెట్టిన చొక్కా విప్పాలంటే నాకు మనసొప్పదు. దుకాణం వెనక గదిలో కాపురం. కాపురమంటే వారానికి ఒక్కరోజు. అతని భార్య సత్యదుర్గ రిఫాలో ఒక అరబ్బు డాక్టరమ్మ ఇంట్లో కవల పిల్లల్ని చూసుకుంటూ అక్కడే ఉంటుంది. గురువారం పొద్దుపోయాక వస్తుంది, శుక్రవారం దీపాలవేళకి వెళ్ళిపోతుంది.

ఆ శుక్రవారం కోసమే లోవరాజు బతికేవాడు. పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళేవారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని "అదేంటండీ?" అని అడిగేది. అతను చెప్పేవాడు. మనామాలో రెండు పెద్ద భవనాల మధ్య గాలిమరలున్నాయి కదా, అవి దేశం మొత్తానికీ పెట్టిన ఫ్యాన్లని, వేసవిలో స్పీడు పెంచుతారని చెప్పాడు. సముద్రం మీదుగా సౌదీ వెళ్ళే వంతెనని ఏడాదికోసారి విప్పి, ఉప్పు కడిగి, మళ్ళీ బిగిస్తారని చెప్పాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసి "అవునా అండీ!" అనేది. ఆ ఒక్క మాటతో లోవరాజుకి మిగతా వారమంతా గడిచిపోయేది.

నేను నా జీవితంలో చాలామంది కోతలరాయుళ్ళని చూశాను. కానీ "తెలీదు" అన్న మాట నోట్లోంచి ఒక్కసారి కూడా జారనివ్వనివాడు లోవరాజు ఒక్కడే. కాకినాడ కాన్వెంట్‌లో మా సిస్టర్ ఫిలోమినా అతన్ని చూసి ఉంటే మోకాళ్ళ మీద నిలబెట్టేది. నాకు పక్కన తోడు దొరికేవాడు.

ఈ జనవరిలో పిల్లలకి బడి సెలవులొచ్చాయి. డాక్టరమ్మ చెల్లెలు గ్వాటెమాలాలో ఒకాయన్ని పెళ్ళాడి అక్కడే స్థిరపడింది. మెక్సికోకి దిగువన ఉన్న చిన్న దేశం అది. అడవుల్లో మాయా జాతివాళ్ళు ఏనాడో కట్టిన గుళ్ళు, స్పెయిన్ దొరలు ఏలినప్పటి రాళ్ళ వీధుల ఊళ్ళు, ఆ ఊళ్ళ నెత్తిన పొగలు కక్కే కొండలు. డాక్టరమ్మ కుటుంబమంతా చూడటానికి బయల్దేరింది. పిల్లలిద్దరూ సత్యదుర్గ చేతి ముద్ద తప్ప తినరు. అందుకని ఆమెకీ వీసా తీయించి, టికెట్టు కొని, వెంట తీసుకెళ్ళారు.

విమానాశ్రయంలో లోవరాజు భార్య చేతిలో ఒక ప్యాకెట్టు పెట్టాడు. మినప అప్పడాలు. "ఆ దేశంలో ఏం తింటారో ఏంటో. నోరు చప్పబడితే కాల్చుకో," అన్నాడు. ఆ ప్యాకెట్టే తన కొంప ముంచుతుందని అప్పటికి అతనికేం తెలుసు?

ఆమె తిరిగొచ్చిన మొదటి శుక్రవారం లాండ్రీ వెనక గదిలో సభ జరిగింది. సత్యదుర్గ స్నేహితురాలు నాగమల్లేశ్వరి వచ్చింది. ఆవిడ రిఫాలోనే ఇంకో ఇంట్లో వంట చేస్తుంది, అమలాపురం వైపు మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. కూలీలని క్యాంపు నుంచి డ్యూటీకి తిప్పే వ్యాను డ్రైవరు లింబాద్రి వచ్చాడు. అతనిది ఆర్మూరు వైపు, వాళ్ళకి గల్ఫంతా దుబాయే. పిలవకపోయినా, వీళ్ళందరికీ తాతగారినైన నేనూ వెళ్ళాను. అందరం మంచం మీదా చాప మీదా సర్దుకునేసరికి లోవరాజుకి చోటు మిగల్లేదు. స్టవ్ దగ్గర నిలబడి టీ కాస్తున్నాడు.

సత్యదుర్గ ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చెబుతోంది.

"ఇది టికాల్ అండి, తాతగారూ. అడవి మధ్యలో గుడి. చెట్లన్నీ కింద ఉంటాయి, గుడి నెత్తి పైన ఉంటుంది. అక్కడ కోతులు అరుస్తాయండి బాబూ! పులి అనుకుని పిల్లలిద్దర్నీ చంకనేసుకుని పరుగెత్తాను."

"గుడి కదే, చెప్పులేసుకునే తిరిగావా?" అంది నాగమల్లేశ్వరి.

"ఆయ్, ఎలా తిరుగుతానే? మెట్ల దగ్గర విప్పేసి చుట్టూ ప్రదక్షిణం చేశాను. నన్ను చూసి ఇద్దరు తెల్లోళ్ళు కూడా బూట్లు విప్పేశారు. అక్కడి రూలు అనుకున్నారంట పాపం. ఎల్మేర్ ఒకటే నవ్వు."

స్టవ్ దగ్గర గరిట ఆగింది. "ఎల్మేర్ ఎవరు?" అన్నాడు లోవరాజు.

"గైడండి. అన్నాళ్ళూ మమ్మల్ని తిప్పింది అతనే," అని ఆమె ఇంకో ఫొటోకి వెళ్ళిపోయింది. "ఇది యాంటిగ్వా అని పాత ఊరు. ఈ పసుప్పచ్చ కమాను చూడండి, దాని వెనక కొండ చూడండి. పక్కన ఇంకో కొండుంది, మనం టీ తాగుతుంటే అదలా పొగ వదులుతూనే ఉంటుంది. ఆ ఊరోళ్ళు తలెత్తి కూడా చూడరు."

"మరి నువ్వు గుట్ట ఎక్కినవా వదినా?" అన్నాడు లింబాద్రి. "ఈ దుబాయికి వచ్చినకెళ్ళి గుట్ట మొకమే చూడకపోతిమి."

"ఎక్కానయ్యా! పకాయా అని ఇంకో కొండ. అన్నీ నల్లటి రాళ్ళు, బొగ్గుల్లాగ. కాలు పెడితే జారిపోతాయి. ఎల్మేర్ చెయ్యి పట్టుకుని పైదాకా తీసుకెళ్ళాడు."

టీ పొంగి స్టవ్ మీద పడింది. లోవరాజు చూసుకోలేదు.

"పైన రాళ్ళ సందుల్లోంచి సెగ కొడుతుందండి. అందరికీ దూదిలాంటి తెల్ల మిఠాయి పుల్లకి గుచ్చి ఇచ్చారు, సెగ మీద కాల్చుకు తినమని. తియ్యగా, జిగురుగా ఉంది. నాకు సయించలేదు. సంచిలో ఈయనిచ్చిన అప్పడాలున్నాయి కదా, ఒకటి తీసి రాతి మీద వేశాను. ఎలా పొంగిందనుకున్నారు! జనం మూగిపోయారు. సగం విరిచి ఎల్మేర్‌కి పెట్టాను. ఇంకోటి ఉందా అన్నాడు."

"నేనిచ్చిన అప్పడం," అన్నాడు లోవరాజు.

"అవునండి. అక్కడే ప్యాకెట్టంతా అయిపోయింది."

"ఎల్మేరే తిన్నాడా?"

"చాలావరకు."

నాగమల్లేశ్వరి ముక్కు ఎగబీల్చి, "అన్నయ్యగారూ, ఏదో మాడుతున్న వాసనొస్తోంది. టీయేనా?" అంది.

లోవరాజు చేతులు తుడుచుకుని వచ్చి ఫోను తీసుకున్నాడు. కొండనీ పొగనీ చూడలేదు. గైడు చేతిని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. తరవాత మొహం పెద్దది చేశాడు. గడ్డి టోపీ, మెడలో ఎర్ర రుమాలు, చెవుల దాకా నవ్వు.

"పెళ్ళైనోడేనా?"

"అడగలేదండి."

"ఎందుకడగలేదు?"

"అడిగితే ఎందుకడిగావంటారని."

లోవరాజు ఫోను లింబాద్రికి అందించాడు. "లింబాద్రీ, నువ్వు చెప్పు. నీ కంటికి వీడు అందగాడేనా?"

లింబాద్రి అటూ ఇటూ చూసి, ఎవరికీ కోపం రాకుండా, "టోపీ మంచిగున్నదన్నా," అన్నాడు.

మర్నాడు నా చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు గోధుమరంగులో పడి ఉంది. ఇలాంటిది అంతకుముందెన్నడూ జరగలేదు.

"తప్పైపోయిందండి, తాతగారూ. ధ్యాస ఎటో పోయింది."

"ఎటు పోయిందయ్యా?"

"ఇంకెటండి? ఆ కొండమీదకే." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గొంతు తగ్గించాడు. "నిన్న సాయంత్రం బస్సులో తీసుకెళ్ళానండి. కిటికీ పక్కనే కూర్చుంది. ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. నేనే చొరవ తీసుకుని, ఆ ఫ్యాన్లు ఈమధ్య రిపేరుకొచ్చాయే అన్నాను. ఏవందో తెలుసా? ఎల్మేర్‌కి తెలియనిది అడిగితే తెలియదనేవాడంటండి. కనుక్కుని రేపు చెబుతాననేవాడంట."

"మంచి గైడే."

"మంచోడేనండి! ఎవడు కాదన్నాడు? పరాయివాళ్ళ అప్పడాలు తినే మంచోడు." మళ్ళీ పెట్టె ఎత్తి, అంగీ మీద ఆనించకుండా గాల్లోనే పట్టుకున్నాడు. "నాకు దొరికేది వారానికి ఒక్కరోజండి. అది నన్ను ఏదో ఒకటి అడగాలి, నేను ఏదో ఒకటి చెప్పాలి. మా కాపురం అంతే. ఇప్పుడు అన్నీ చూసొచ్చేసింది. ఇంక నన్ను అడగడానికేముంది? ఇద్దరం చెరో కిటికీ చూసుకుంటూ కూర్చోవాలా?"

 ఎక్కడో ఆవిరి బుస్సుమంది.

"మీరు కాన్వెంట్‌లో చదివారు కదండీ. ఈ దేశంలో అగ్నిపర్వతం లేదా?"

మా సిస్టర్ ఫిలోమినా అగ్నిపర్వతాన్ని ఉల్లిపాయలా నిలువునా కోసి బోర్డు మీద గీసేది. ఆవిడ పాఠం ప్రకారం బహ్రెయిన్‌లో అగ్నిపర్వతం లేదు. లోవరాజు మొహం చూస్తూ ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "దక్షిణాన జెబెల్ దుఖాన్ అని ఒక కొండుంది. అరబ్బీలో పొగకొండ అని దానర్థం," అన్నాను. అది పచ్చి నిజం. పొగ వస్తుందా అని అతను అడగలేదు, రాదని నేను చెప్పలేదు.

"మరి పాత గుళ్ళు?"

"ఆలీ ఊళ్ళో వేల ఏళ్ళనాటి సమాధుల దిబ్బలున్నాయి."

"దొరల ఊరు?"

"పోర్చుగీసువాళ్ళున్న కోట మన పక్కనేగా."

లోవరాజు మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "అన్నీ ఇక్కడే పెట్టుకుని అంతంత దూరాలు వెళ్ళడం దేనికండీ, చోద్యం కాకపోతే!" అన్నాడు.

తరవాతి శుక్రవారం లింబాద్రి వ్యాను తెచ్చాడు. సత్యదుర్గ, నాగమల్లేశ్వరి, నేను ఎక్కి కూర్చున్నాం. ఆఖర్న లోవరాజు వచ్చాడు. మనామా బజారులో కొన్న గడ్డి టోపీ, మెడలో ఎర్ర రుమాలు. సత్యదుర్గ అతన్ని పైనుంచి కిందికి చూసి కిటికీవైపు తిరిగిపోయింది. నవ్వు ఆపుకుంటోందని ఆమె భుజాలు చూస్తే తెలుస్తోంది. లోవరాజు సంచీ ఒకటి కాళ్ళ దగ్గర పెట్టుకుని, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ముందు కోట. "ఇదిగో, మన యాంటిగ్వా," అన్నాడు.

"కమానేదండీ?" అంది సత్యదుర్గ.

"అదిగో ఆ గుమ్మం."

"పసుపు రంగు?"

"ఎండకి వెలిసిపోయింది."

"ఊరంటున్నారు, జనం ఏరండీ?" అంది నాగమల్లేశ్వరి.

"శుక్రవారం కదమ్మా, సెలవు."

తరవాత ఆలీలో దిబ్బలు. గుండ్రంగా, మట్టిరంగులో, ఇళ్ళ మధ్యన ఇళ్ళంత ఎత్తుగా ఉంటాయి. లింబాద్రి ఇంజను ఆపి తల గోక్కున్నాడు. "అన్నా, ఇవి మా ఊరి ఇటుకబట్టీల తీర్గ ఉన్నయి గదనే."

"లోపల రాజులున్నార్రా!"

"ఉంటే ఉండనియ్యి. నిద్రలున్నరు, మనకెందుకు?"

లోవరాజు చెప్పులు విప్పేసి, దిబ్బ చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు. సత్యదుర్గ కదల్లేదు. "సమాధుల చుట్టూ ప్రదక్షిణమేంటండీ? ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యాలి," అంది. అతను మాట వినిపించుకోకుండా చుట్టు పూర్తిచేసి, అరికాల్లో గాజుపెంకు గుచ్చుకుని కుంటుతూ వచ్చాడు. ఆమె కూర్చోబెట్టి పెంకు తీసింది. కానీ ఏమీ అడగలేదు. అతనికి కావలసింది ఆ ప్రశ్నే.

రిఫా దాటి ఎడారిలో పడ్డాం. దారికి ఆ పక్కా ఈ పక్కా నేలమీద చమురు గొట్టాలు పాకుతున్నాయి. దూరంగా జెబెల్ దుఖాన్ కనిపించింది. దాని చుట్టూ కంచె ఉంది కనక, ఇవతల ఒక చిన్న రాళ్ళగుట్ట దగ్గర వ్యాను ఆపించాడు. "ఇది దాని పిల్ల. మీరు ఫ్లాస్కులో టీ తాగుతూ ఉండండి, నేను దారి చూసొస్తాను," అని సంచీ తీసుకుని గుట్ట వెనక్కి కుంటుకుంటూ వెళ్ళాడు.

మేం టీ తాగాం. నాగమల్లేశ్వరి జంతికలు తీసింది. ఒక పాట పాడటానికి కూడా సిద్ధపడింది. అంతలో గుట్ట నెత్తిన పొగ లేచింది. ముందు సన్నగా, అగరొత్తి పొగలా ఉంది. తరవాత లావైంది. తరవాత నల్లగా, దుర్వాసనతో, ఆకాశాన్ని మింగేలా తయారైంది. హుక్కా బొగ్గులు ముట్టించి, పైన రాళ్ళు పేర్చి, పొగ చాలదేమోనని లాండ్రీలో చిరిగిపోయిన పాత గుడ్డలు తడిపి కుక్కాడని తరవాత తెలిసింది.

"దుర్గా! పేలింది! రా!" అని పైనుంచి కేక.

సత్యదుర్గ పైకి నడిచింది. గుట్ట మా భవనం కంటే పొట్టి. ఎవరైనా చేతులు జేబులో పెట్టుకుని ఎక్కేయొచ్చు. లోవరాజు టోపీ సర్దుకుని, ఎదురొచ్చి, "జారుతుంది, చెయ్యివ్వు," అన్నాడు. ఆమె ఇచ్చింది.

పైన కొత్త ప్యాకెట్టు చించి, ఒక అప్పడం రాతిమీద వేశాడు. అందరం చుట్టూ నిలబడి చూశాం. అప్పడం పొంగలేదు. ఒక పక్క మాడింది, ఒక పక్క పచ్చిగా అలాగే ఉండిపోయింది. లోవరాజు దాన్ని బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు.

"ఆ గుట్ట మీద గిట్లనే పొంగిందా వదినా?" అన్నాడు లింబాద్రి.

సత్యదుర్గ జవాబు చెప్పేలోపు కింద జీపు ఆగింది. నూనెబావుల కాపలా ఆయన, నెరిసిన గడ్డం మనిషి, "నార్! నార్!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. నిప్పు, నిప్పు అని. చుట్టూ గొట్టాల నిండా నూనె మరి. గడ్డి టోపీలో నిలబడ్డ లోవరాజు చేతులు రెండూ ఎత్తి, "నో ఫైర్, బాబా! వాల్కేనో! వాల్కేనో!" అన్నాడు.

"అయిపాయె. ఖలాస్," అన్నాడు లింబాద్రి. "నా లైసెన్సు పాయె."

సత్యదుర్గ ముందుకొచ్చింది. ఫ్లాస్కులో మిగిలిన టీ అంతా నిప్పుల మీద పోసింది. పిల్లల దగ్గరా, డాక్టరమ్మ అత్తగారి దగ్గరా నేర్చుకున్న అరబ్బీలో ఆయనతో నెమ్మదిగా మాట్లాడింది. నాకు కొంచెం అర్థమైంది. ఈయన నా భర్త, నేను దూరదేశంలో పొగకొండ చూసొచ్చాను, నాకు ఇక్కడ కూడా ఒకటి చూపించాలని ఆయన కోరిక, అని చెప్పింది. ముసలాయన లోవరాజుని చూశాడు, టోపీని చూశాడు, అప్పడాన్ని చూశాడు. గడ్డం కదిలేలా నవ్వాడు. "మా నాన్న కూడా ఇక్కడే కాపలా చేశాడు. ఈ కొండకి పేరుకి తగ్గ పని ఇవాళే పడింది," అన్నాడు. అప్పడంలో మాడని పక్క విరిచి తిన్నాడు. మొహం మళ్ళీ గట్టిగా పెట్టి, ఒక్క బొగ్గు కూడా మిగలకుండా ఎత్తించి మమ్మల్ని తరిమేశాడు.

వ్యాను తిరుగుముఖం పట్టింది. లోవరాజు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సత్యదుర్గ కిటికీలోంచి చూస్తోంది. దారి పక్కన నూనె తోడే ఇనప యంత్రాలు తలలు పైకీ కిందికీ ఊపుతున్నాయి.

"ఏవండీ," అంది. "అవేంటండీ?"

లోవరాజు తలెత్తాడు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "తెలీదే," అన్నాడు. "కనుక్కుని రేపు చెబుతా."

లింబాద్రి అద్దంలోంచి వెనక్కి చూసి, చూస్తూ చూస్తూ రోడ్డు దిగబోయి, మళ్ళీ ఎక్కించాడు.

"అది ఎల్మేర్ మాటండి," అంది సత్యదుర్గ. "ఉన్నన్నాళ్ళూ అన్నీ నిజాలే చెప్పాడు. ఈ రాయి అన్నేళ్ళది, ఆ గోడ ఇన్నేళ్ళది. వినీ వినీ విసుగొచ్చింది. ఆ కొండ మీద సెగ పక్కన కూర్చుని, మీరైతే ఏం చెప్పేవారా అని ఆలోచించుకున్నాను."

"నేను చెప్పేవి..." అని ఆగాడు.

"తెలుసండి. మీరు ఫ్యాన్లని చెప్పిన వారమే డాక్టరమ్మని అడిగాను."

"మరి 'అవునా అండీ' అనేదానివి కదే!"

"బాగుంటే అంటాను. చెప్పండి, అవేంటి?"

లోవరాజు కిటికీవైపు వంగి ఆ యంత్రాలకేసి చూశాడు. "ఇనప ఒంటెలు," అన్నాడు చివరికి. "నీళ్ళు తాగుతున్నాయి. కడుపు నిండాక లేచి సౌదీ వెళ్ళిపోతాయి."

"వంతెన మీదుగానా?"

"ఏడాదికోసారి దాన్ని విప్పుతారు కదా. ఆ రోజైతే ఈదుకుంటూ."

"అవునా అండీ!"

వ్యాను రిఫా చేరేదాకా ఒంటెల కథ సాగింది. ఆమె డాక్టరమ్మ గేటు దగ్గర దిగుతుంటే లోవరాజు కిటికీలోంచి తల బయటపెట్టి, "నిజం చెప్పు, ఆ ప్యాకెట్టులో వాడు ఎన్ని తిన్నాడు?" అన్నాడు. ఆమె గేటు వేసుకుంది.

ఇదంతా రాసి, లాండ్రీకి తీసుకెళ్ళి లోవరాజుకి చదివి వినిపించాను. ఇస్త్రీ ఆపకుండా ఆఖరిదాకా విన్నాడు. అతని వెనక మేకుకి గడ్డి టోపీ వేలాడుతోంది.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదండి, తాతగారూ," అన్నాడు. "నేనే కొండా ఎక్కలేదు, ఏ నిప్పూ పెట్టలేదు. మా ఆవిడ రిఫా దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. నాకెవరి మీదా కుళ్ళు లేదు. అసలు ఎల్మేర్ అనే మనిషే లేడు." నా చొక్కా మడత పెట్టి చేతికిచ్చాడు. "లేడంటే లేడండి."